చింత: చెట్టు పేరు, మాట మూలం

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే పదాల పుట్టుకను, అర్థాన్ని పరిశీలించడం భాషాధ్యయనంలో ముఖ్యమైన భాగం. రూపంలో పోలిక ఉన్నంత మాత్రాన రెండు పదాలకు బంధుత్వం ఉన్నట్లు కాదని, సోదర భాషల సాక్ష్యం చూడకుండా ఒక పదం మూలాన్ని నిర్ణయించరాదని, తెలుగువారందరికీ తెలిసిన 'చింత' అనే పదం ఆధారంగా వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1908వ సంవత్సరం సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్ ప్రాంతంలో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక పెద్ద చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి సుమారు 150 మంది ఆ రోజు బతికి బయటపడ్డారు. వారిని ఆదుకున్నది చింత. ఆ కొమ్మలపై ఉన్నంతసేపూ తమవారు ఏమైపోయారోనని వారి మనసులను దహించినదీ చింతే. మొదటి చింత చెట్టు, రెండవ చింత మనోవేదన. తెలుగులో ఈ రెండింటికీ పలుకుబడిలో గాని, రాతలో గాని భేదం లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఇది రెండు అర్థాలున్న ఒకే మాటా? లేక రెండు వేర్వేరు మాటలు ఒకే రూపాన్ని పొందాయా? చెట్టుకు ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతికితే ఒక చెట్టు పేరు మాత్రమే కాక, తెలుగు భాష పుట్టుపూర్వోత్తరాలు కూడా కొంతవరకు తెలుస్తాయి.

తెలుగువారి జీవితంలో చింత

తెలుగువారి వంటలో చింతకు ఉన్న స్థానం మరే చెట్టుకూ లేదనవచ్చు. వేసవి ప్రారంభంలో లేత చిగురు పప్పులోకి వస్తుంది. గింజ గట్టిపడని కాయలను ఉప్పు, పసుపు చేర్చి దంచి పచ్చడిగా నిలువ చేసుకుంటారు. పండిన కాయల గుజ్జు పులుసుకు, చారుకు, పులిహోరకు ఆధారం. గింజలు సైతం వృథా కావు. వాటితో పిల్లలు వామనగుంటలు ఆడుకుంటారు.

ఇంతగా కలిసిపోయిన చెట్టు నుడికారంలోనూ చోటు సంపాదించుకుంది. అతి స్వల్పమైనదాన్ని 'చింతాకంత' అంటారు. ఎర్రబారిన కళ్ళను చింతనిప్పులతో పోలుస్తారు. చింతకర్ర నిప్పు ఎంతో వేడిమితో, చాలాసేపు కణకణలాడుతూ ఉండడమే ఆ పోలికకు కారణం. అందరూ విని విసిగిన విషయం 'పాత చింతకాయ పచ్చడి'. శక్తి ఉడిగినా వెనుకటి బింకం వదలని వారిని గురించి 'చింత చచ్చినా పులుపు చావలేదు' అంటారు. ప్రయత్నం చేయకుండా ఫలితం రాదని చెప్పవలసినప్పుడు 'మంత్రాలకు చింతకాయలు రాలవు' అనే సామెత గుర్తుకు వస్తుంది.

ఊరి పేర్లలోనూ ఈ చెట్టు నిలిచి ఉంది. ఏలూరు జిల్లాలోని చింతలపూడి, ఖమ్మం జిల్లాలోని చింతకాని, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాపై దాడి ప్రారంభించిన చింతపల్లి ఇటువంటివే. మర్రి, వేప, తాడి వంటి చెట్ల పేర్ల మీదుగా గ్రామాలు వెలసినట్లే చింత పేరు మీదుగానూ గ్రామాలు వెలశాయి.

పోలిక కలిగించే భ్రమ

చింతచెట్టు కింద రాత్రిపూట పడుకోరాదని పెద్దలు చెబుతుంటారు. దయ్యాల కథలలో ఈ చెట్టు తరచుగా కనిపిస్తుంది. చీకటి పడగానే దీని ఆకులు ముడుచుకుంటాయి. ఇవన్నీ చూసినవారికి, మనసుకు చింతను కలిగించే చెట్టు కనుకనే దీనికి ఆ పేరు వచ్చిందేమో అన్న ఊహ కలగడం సహజం.

ఈ విధంగా పైకి కనిపించే పోలికను బట్టి పదాలకు కల్పించే వ్యుత్పత్తిని 'జననిరుక్తి' అంటారు. జననిరుక్తి వినడానికి ఇంపుగా ఉంటుంది. సులభంగా జ్ఞాపకం ఉంటుంది. అందువల్లనే దానిని పరీక్షించకుండా అంగీకరించడం ప్రమాదకరం. చింత విషయంలో ఈ ఊహ రెండు పరీక్షలకు నిలవదు. మొదటిది వ్యాకరణ పరీక్ష, రెండవది సోదర భాషల సాక్ష్యం.

వ్యాకరణం చెప్పే సాక్ష్యం

మనోవ్యథను తెలిపే చింత సంస్కృత పదం. 'చింత్' అనే ధాతువుకు ఆలోచించడం అని అర్థం. చింతన, చింతనీయం వంటి పదాలు దాని నుంచి ఏర్పడినవే. 'చింతా' అనే పదానికి మొదటి అర్థం ఆలోచన. ఒకే విషయాన్ని పదేపదే ఆలోచించడం బాధకు దారితీస్తుంది కనుక విచారం అనే అర్థం కూడా దానికి స్థిరపడింది.

సంస్కృతంలో ఈ పదం దీర్ఘాంతం. తెలుగులోకి వచ్చేటప్పుడు ఆకారాంత స్త్రీలింగ పదాల చివరి దీర్ఘం హ్రస్వమవుతుంది. లతా అనే పదం లతగా, మాలా అనే పదం మాలగా మారినట్లే చింతా అనే పదం చింతగా మారింది. ఈ మార్పు వల్ల అది అప్పటికే తెలుగులో ఉన్న చెట్టు పేరుతో సమానరూపం పొందింది. అంటే ఈ పోలిక పుట్టుకతో వచ్చినది కాదు, దారిలో ఏర్పడినది.

సమాసాలను పరిశీలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. సంస్కృత పదం సమాసంలో తన దీర్ఘాన్ని నిలుపుకొంటుంది. చింతామణి, చింతామగ్నుడు, చింతాక్రాంతుడు అనే పదాలు ఇందుకు ఉదాహరణలు. చెట్టు పేరులో ఇటువంటి దీర్ఘం కనిపించదు. చింతపండు, చింతచిగురు, చింతతోపు అంటారే గాని ఎవరూ చింతాపండు అనరు.

'చింతాకు' అనే పదంలో దీర్ఘం ఉన్నది కదా అని సందేహం కలగవచ్చు. అది చింత, ఆకు అనే రెండు తెలుగు పదాల కలయిక. అత్వసంధి వల్ల మొదటి పదం చివరి అకారం లోపించి, రెండవ పదంలోని ఆకారం నిలిచింది. 'చింతాక్రాంతుడు' అనే పదంలో చింతా, ఆక్రాంతుడు అనే సంస్కృత పదాలు సవర్ణదీర్ఘసంధితో కలిశాయి. చూపులకు ఒక్కటిగానే కనిపించే 'చింతా' అనే భాగం ఒకచోట తెలుగు సంధి వల్ల, మరొకచోట సంస్కృత సంధి వల్ల ఏర్పడింది. ఒకటి దేశ్యమని, మరొకటి తత్సమమని చెప్పడానికి విద్యార్థులు తరగతిలో నేర్చే సంధిసూత్రాలే తోడ్పడుతున్నాయి.

సోదర భాషల సాక్ష్యం

తెలుగు సంస్కృత జన్యం కాదని, తమిళ, కన్నడాదులతో కలిసి వేరొక కుటుంబానికి చెందిన భాష అని 1816లో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ప్రతిపాదించాడు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ భాషా కుటుంబమనే పేరుతో విస్తృతమైన తులనాత్మక వ్యాకరణం రచించాడు. కాబట్టి తెలుగు పదం మూలం కోసం ఈ కుటుంబంలోని భాషలను పరిశీలించాలి.

తమిళ, మలయాళ భాషలలో చింతను 'పుళి' అంటారు. కన్నడంలో 'హుణసె' అంటారు. కన్నడంలో పదాది పకారం హకారంగా మారడం సాధారణం. పాలు అక్కడ హాలు అయినట్లే ఈ పదంలోనూ ఆ మార్పు జరిగింది. ఈ పేర్లన్నింటికీ మూలం పులుపును తెలిపే ధాతువు. రుచిని బట్టి చెట్టుకు పేరు పెట్టారన్నమాట. ఆ ధాతువు తెలుగులోనూ ఉంది. పులుపు, పులుసు, పుల్లన, పులియడం అనే మాటలు దాని సంతానమే. అయితే తెలుగువారు దానిని రుచిని తెలపడానికి ఉంచుకున్నారు గాని చెట్టుకు పేరుగా వాడలేదు.

ఇక్కడ మరొక పోలికను గమనించాలి. తమిళంలో 'పులి' అంటే వ్యాఘ్రం, 'పుళి' అంటే చింత లేదా పులుపు. లకార, ళకార భేదం అక్కడ రెండు మాటలను వేరుగా ఉంచింది. తెలుగులో ఈ ధాతువులోని ళకారం లకారంగా మారడంతో ఆ భేదం చెరిగిపోయింది. పులిహోరలోని పులికి, అడవిలోని పులికి సంబంధం లేదు. పులిహోరలో ఉన్నది పులుపే. పొలంగట్ల మీద పుల్లని ఆకులతో పెరిగే చిన్న మొక్కను 'పులిచింత' అనడంలోనూ ఉన్నది ఆ పులుపే. రెండు చింతల వలె ఈ రెండు పులులు కూడా పోలిక మాత్రమే గల వేర్వేరు పదాలు.

దక్షిణాది సాహిత్య భాషలలో చింత అనే పేరు వాడుకలో లేకపోతే, తెలుగుకు అది ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానం గ్రంథాలు విస్తారంగా ఉన్న భాషలలో దొరకదు. అడవులలో, కొండలలో నివసించే ప్రజల భాషలలో దొరుకుతుంది. గోదావరికి ఉత్తరాన ఆదిలాబాదు అడవులు మొదలుకొని తూర్పు కనుమల దాకా గోండి, కోలామీ, కొండ, కూయి వంటి ద్రావిడ భాషలు మాట్లాడే గిరిజనులు ఉన్నారు. ఈ ప్రాంతపు భాషలలో తెలుగు చింతకు సోదర పదాలు ఉన్నాయి. కోలామీలో దీనిని 'సిత్త' అంటారు. తెలుగులో అనుస్వారంతో పలికే చోట అక్కడ ద్విత్వ తకారం వినిపిస్తుంది. ఇటువంటి ధ్వనిభేదాలు ఒకే మూలపదం నుంచి వేర్వేరు భాషలలో క్రమబద్ధంగా ఏర్పడతాయి.

ఈ సంగతి లోకానికి తెలియడం వెనుక పలువురి కృషి ఉంది. మరే బి. ఎమెనో కోలామీ భాషను పరిశీలించి 1955లో గ్రంథం ప్రకటించాడు. థామస్ బరోతో కలిసి ఆయన కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడింది. దాని రెండవ కూర్పు 1984లో వచ్చింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషను గూర్చి రచించిన వర్ణనాత్మక వ్యాకరణం 1969లో వెలువడింది. తెలుగు భాష గోండి, కొండ, కూయి, కువి భాషలతో ఒకే శాఖకు చెందుతుందని ఆయన నిరూపించారు. కుటుంబంలో తమిళ, కన్నడాల కంటే ఈ భాషలే తెలుగుకు దగ్గరి బంధువులు. చింత అనే పేరు ఆ బంధుత్వానికి మిగిలిన గుర్తులలో ఒకటి.

కనుక చెట్టు పేరైన చింత తెలుగుకు పూర్వం నుంచి సంక్రమించిన దేశ్యపదం. హుణసెకు, పుళికి పులుపు అనే అర్థం చెప్పవచ్చు. చింతకు అటువంటి అవయవార్థం లేదు. చింత అంటే చింతచెట్టే. పూర్వులు ఇటువంటి పదాలను రూఢములని పేర్కొన్నారు. మరొక మాటతో వివరించవలసిన అవసరం లేకుండా ఆ చెట్టునే సూటిగా చెప్పే మాట ఇది.

ఉత్తరాదికి, విదేశాలకు వెళ్ళిన పేర్లు

సంస్కృతంలో ఈ చెట్టుకు తింతిడీ, చించా, అమ్లికా అనే పేర్లున్నాయి. అమరకోశం వీటిని పేర్కొన్నది. బెంగాలీలోని తేతుల్, ఒడియాలోని తెంతుళి తింతిడీకి సంబంధించినవి. హిందీలోని ఇమ్లీ పులుపును తెలిపే అమ్లికా నుంచి వచ్చింది. మరాఠీలోని చించ్ సంస్కృత 'చించా'కు దగ్గరి రూపం. ఈ 'చించా' ద్రావిడ భాషల నుంచే సంస్కృతంలోకి చేరి ఉంటుందని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. సంస్కృతం నుంచి తెలుగు ఎన్నో పదాలను స్వీకరించింది. అలాగే సంస్కృతం కూడా ఇరుగుపొరుగు భాషల నుంచి పదాలను స్వీకరించింది. భాషల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఏకముఖంగా జరగదు.

అరబ్బు వర్తకులు ఈ పండును 'తమ్ర్ హిందీ' అన్నారు. తమ్ర్ అంటే ఖర్జూరం. కాబట్టి ఆ పేరుకు భారతదేశపు ఖర్జూరం అని అర్థం. గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో ప్రకటించిన గ్రంథంలో ఈ పేరును చర్చించాడు. చెట్టులో గాని, పండులో గాని ఖర్జూరంతో పోలిక లేదని, లోపల గింజలు ఉండడం వల్లనే అరబ్బులు ఆ పేరు పెట్టి ఉంటారని ఆయన అభిప్రాయం. ఆ అరబ్బీ పేరే ఐరోపా భాషలలోకి చేరి ఆంగ్లంలో 'టామరిండ్' అయింది. 1753లో స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి 'టామరిండస్ ఇండికా' అని శాస్త్రీయనామం పెట్టాడు. ఈ పేరులోని రెండు పదాలలోనూ భారతదేశం పేరే ఉండడం విశేషం.

అయితే చింతచెట్టు జన్మస్థానం భారతదేశం కాదు. ఆఫ్రికా ఖండంలోని ఉష్ణమండల ప్రాంతమే దీని పుట్టినిల్లని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అతి ప్రాచీన కాలంలోనే ఇది భారతదేశానికి చేరి, ఇక్కడి నేలలో వేళ్ళూనింది. తమకు భారతదేశం నుంచి అందిన పండు కనుక అరబ్బులు దానిని భారతదేశానిదే అనుకున్నారు. పేరును బట్టి చెట్టు పుట్టినచోటును నిర్ణయిస్తే ఎంత పొరపాటు జరుగుతుందో ఇందువల్ల తెలుస్తుంది. చెట్టు పరదేశం నుంచి వచ్చింది. చింత అనే పేరు మాత్రం ఈ నేలది.

ఆ తరువాతి కాలంలో అమెరికా ఖండం నుంచి మరొక చెట్టు వచ్చింది. దాని కాయలు చింతకాయల వలె వంకర తిరిగి, లోపల తీయని గుజ్జుతో ఉంటాయి. తెలుగువారు దానికి 'సీమచింత' అని పేరు పెట్టుకున్నారు. సీమ అనే మాట ఇక్కడ పరదేశాన్ని సూచిస్తుంది. నిజానికి రెండు చెట్లూ సముద్రాలకు అవతలి నుంచి వచ్చినవే. ముందు వచ్చినది ఇంటి చెట్టయింది. తరువాత వచ్చినది సీమ చెట్టయింది.

ఈ పరిశీలన వల్ల తెలిసేది

'చింత' అనే చిన్న మాట భాషాధ్యయనానికి అవసరమైన జాగ్రత్తను బోధిస్తుంది. రెండు పదాలు ఒకే విధంగా ఉన్నంత మాత్రాన వాటికి ఒకే మూలం ఉండదు. చింత, సిత్త అనే రూపాల వలె కొంత భేదం ఉన్న పదాలకు ఒకే మూలం ఉండవచ్చు. అర్థమయ్యే సంస్కృత పదం ఒకటి దగ్గరలో ఉన్నదని ప్రతి తెలుగు మాటకూ దానినే మూలంగా చెప్పడం శాస్త్రీయం కాదు.

అన్నింటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చింత అచ్చమైన తెలుగు మాట అనడానికి ప్రధాన సాక్ష్యం ఇచ్చినవి గిరిజనుల భాషలు. వాటిలో కొన్నింటిని మాట్లాడేవారి సంఖ్య చాలా తక్కువ. పిల్లలు క్రమంగా తెలుగు, మరాఠీ, ఒడియా వంటి పెద్ద భాషలకు అలవాటు పడుతున్నారు. కోలాం గూడెంలో 'సిత్త' అనే మాట వినబడకుండా పోతే నష్టం ఆ భాషకు మాత్రమే పరిమితం కాదు. తెలుగు తన పుట్టుకను తెలిపే ఒక సజీవ సాక్షిని కోల్పోతుంది. లిపి లేదనో, గ్రంథాలు లేవనో ఒక భాషను తక్కువగా చూడడం తగదు. గ్రంథాలు చెప్పలేని సంగతిని ఆ భాషలే చెప్పాయి.

పదాల మూలాలు ఊహలకు అందవు. ఊరూరా తిరిగి మాటలు సేకరించి, భాషతో భాషను పోల్చి చూసినవారికే అవి తెలుస్తాయి. మంత్రాలకు చింతకాయలు రాలవన్న సామెత ఈ విషయంలోనూ నిజమే.

కఠిన పదాలు - అర్థాలు

పుట్టుపూర్వోత్తరాలు = మొదటి నుంచి జరిగిన సంగతులు
నుడికారం = భాషలోని ప్రత్యేకమైన పలుకుబడి
బింకం = గర్వం, పట్టుదల
వ్యుత్పత్తి = పదం పుట్టిన విధం
జననిరుక్తి = పైపై పోలికను బట్టి ప్రజలు పదానికి చెప్పుకునే వ్యుత్పత్తి
దేశ్యం = సంస్కృత ప్రాకృతాల నుంచి రాక, తెలుగుకు సహజంగా ఉన్న పదం
తత్సమం = సంస్కృత ప్రాకృతాలతో సమానమైన పదం
రూఢం = అవయవార్థంతో పని లేకుండా వాడుకలో స్థిరపడిన పదం
వ్యాఘ్రం = పెద్దపులి

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చెట్టు పేరైన చింత, విచారాన్ని తెలిపే చింత వేర్వేరు పదాలని పాఠం ఆధారంగా నిరూపించండి.
2. చింత అనే పదం మూలాన్ని తెలుసుకోవడంలో గిరిజన భాషలు ఏ విధంగా తోడ్పడ్డాయి?

ఆ) కింది ప్రశ్నలకు ఆరు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జననిరుక్తి అంటే ఏమిటి? దానిని ఎందుకు పరీక్షించాలి?
2. 'తమ్ర్ హిందీ' అనే పేరు కలిగించే పొరపాటు ఏమిటి?
3. పులిహోరలోని 'పులి'ని గూర్చి వివరించండి.

ఇ) కింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి.
1. చింతాకు
2. చింతాక్రాంతుడు

ఈ) మీ ప్రాంతంలో చెట్ల పేర్లతో ఏర్పడిన ఊరి పేర్లను ఐదింటిని సేకరించి, పేరులోని ప్రతి భాగానికీ అర్థం రాయండి. పెద్దలు చెప్పిన కథలో ఏది నిరూపించదగినదో, ఏది ఊహ మాత్రమేనో తరగతిలో చర్చించండి.